పసుపు లారీ పెద్దమ్మ

మంగళవారం ఉదయం స్కూల్లో ప్రార్థన జరుగుతుంటే ఫోను మోగింది. ప్రార్థనలో ఫోను ఎత్తకూడదని అందరికీ చెప్పేదాన్ని నేనే కాబట్టి ఎత్తలేదు. మూడోసారి మోగాక వరండా చివరికి వెళ్ళి తీశాను. మా పెద్దమ్మ మరిది కొడుకు.

"అక్కా, పెద్దమ్మ పోయిందే," అన్నాడు. "కాఫీ తెమ్మని అరుగు మీద కూచుంది. గ్లాసు పట్టుకొచ్చేసరికి గోడకి ఆనుకుని ఉంది. నిద్రట్టిందేమో అనుకున్నాను."

ఆ తర్వాత వాడేం చెప్పాడో నాకు సరిగ్గా గుర్తులేదు. పిల్లలు వరసలుగా క్లాసులకు వెళ్ళిపోతుంటే నేను అక్కడే నిలబడి ఉన్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. డెబ్బయ్యికి ఒకటో రెండో తక్కువ. రాజమండ్రికి దిగువన ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఊళ్ళో ఆవిడ ఇల్లు, గట్టుకి అవతల లంకలో అరటితోట. పేపర్లో పేరు పడే మనిషి కాదు. కానీ ఆ గట్టు మీద ఎవరినడిగినా "పసుపు లారీ అమ్మగారాండి?" అని దారి చూపిస్తారు. ఆ లారీ ఎలా వచ్చిందో, దాన్ని తోటపనికి ఎలా మలుచుకుందో, దాని మూలంగా ఒకరోజు ఎంత మాట పడిందో చూసినదాన్ని నేను. అందుకే రాస్తున్నాను.

లంక అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. అది గోదావరి మధ్యలో ఒండ్రు మేటవేసిన నేల. మా ఊరికీ లంకకీ మధ్య ఒక చిన్న పాయ ఉంది. వానాకాలంలో పడవ మీద దాటాలి. వేసవిలో పాయ ఎండి మైలు పొడవున ఇసుకే మిగులుతుంది. ఆ ఇసుకలో ట్రాక్టరు దిగితే ఇరుసు దాకా కూరుకుపోయేది. అందుకని అరటి గెలల్ని ఆడవాళ్ళే నెత్తిన పెట్టుకుని, మండే ఇసుకలో గట్టు దాకా మోసేవారు. పెదనాన్న పోయాక కూలీల ముఠాతో కలిసి పెద్దమ్మ కూడా మోసింది. ఆవిడ మెడ కాస్త ఎడమవైపు ఒరిగి ఉండేది. అది పుట్టుకతో వచ్చిందని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

పెదనాన్న మిలట్రీలో లారీ డ్రైవరు. కొండల్లో, మంచులో బళ్ళు తోలిన మనిషి. సెలవు మీద వచ్చినప్పుడల్లా భోజనాల దగ్గర ఆ లారీ కబుర్లే. ఇత్తడి గ్లాసులు వరసగా పేర్చి ఇది ఒకటో గేరు, ఇది రెండోది, ఇది వెనక్కి అని చూపించేవాడట. "వినేదాన్ని కాదే, చిక్కుళ్ళు వొలుచుకుంటా ఊకొట్టేదాన్ని," అనేది పెద్దమ్మ. పెన్షను పుచ్చుకుని ఇంటికొచ్చిన మూడేళ్ళకే గుండెజబ్బుతో ఆయన పోయాడు. వాళ్ళకు పిల్లలు లేరు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకి, ఇప్పటికి పన్నెండేళ్ళ కిందట, కళ్ళు చూపించుకోవడానికి పెద్దమ్మ రాజమండ్రిలో నా దగ్గరికి వచ్చింది. ఇద్దరం సిటీబస్సులో ఆస్పత్రికి వెళ్తున్నాం. హైవే పక్కన పాత ఇనుము కొట్టు ముందు బస్సు కాస్త నెమ్మదించింది. కిటికీలోంచి చూస్తున్నదల్లా పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏవే, బస్సాపమను."

"ఆస్పత్రి ఇంకా రాలేదు పెద్దమ్మా."

"ఆస్పత్రి ఎక్కడికీ పోదు. దిగు ముందు."

కొట్టు వెనకాల తుప్పు రేకుల మధ్య ముదురాకుపచ్చ మిలట్రీ లారీ ఒకటి నిలబెట్టి ఉంది. టార్పాలిన్ చిరిగిపోయింది. ముందు దీపాల్లో ఒకటి లేదు. పెద్దమ్మ దాని చుట్టూ తిరిగి మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"మీ పెదనాన్న తోలిన బండి," అంది.

"ఆ బండేనా?" అన్నాను తెల్లబోయి.

"ఆ బండే ఎందుకవుద్దే పిచ్చిమొహమా! ఆ జాతిది."

కొట్టు షావుకారుగారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి మంచినీళ్ళు ఇప్పించారు. "వేలంలో వచ్చిందండి. విప్పేసి ముక్కల కింద అమ్ముదామని తెచ్చాను. పొలానికైతే ట్రాక్టరు తీసుకోండమ్మా," అన్నారు.

"ట్రాక్టరు ఇసకలో దిగిపోద్దండి. దీనికి నాలుగు పక్కలా చక్రాలు ఇంజనుతోనే తిరుగుతాయి కదండీ. ఇది దిగదు."

షావుకారుగారు నా వంక చూశారు. నాకు సిగ్గేసింది. నేను సైన్సు టీచర్ని, నాకే తెలియని సంగతి ఆవిడకెలా తెలుసు? స్టూలు వేయించుకుని పెద్దమ్మ డ్రైవరు సీట్లోకి ఎక్కింది. ఎక్కేటప్పుడు చీర కుచ్చిళ్ళు తలుపుకొక్కేనికి పట్టుకుని చిరిగాయి. అదేమీ చూసుకోలేదు. గేరు రాడ్డు మీద చెయ్యేసి నెమ్మదిగా అటూ ఇటూ కదిపింది. ఒకటి. రెండు. మూడు. ఏది ఎక్కడుందో ఆవిడ చేతికి ముందే తెలుసు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. నేను అటు తిరిగి నిలబడ్డాను.

బేరం కుదిరాక, తిరుగుదారిలో నా భయం చెప్పాను. "జనం నవ్వుతారు పెద్దమ్మా."

"నవ్వనీ. గెలలు మోసినన్నాళ్ళూ ఒక్కరైనా ఏడ్చారా ఏంటి?"

ఆ రోజు కళ్ళు చూపించుకోలేదు.

లారీని బాగుచెయ్యడానికి ఒప్పుకున్న మేస్త్రిగారు పేరున్న పనివాడు. ముందే ఒక లెక్క వేసుకుని కూచున్నారు. వెనక పెట్టె పైకి లేచేలా చేసి, ఇసుకా మట్టీ తోలుకునే టిప్పరులా మార్చేస్తానన్నారు. పెద్దమ్మ కాదనలేదు. "మేస్త్రిగారూ, ఒకసారి మా తోటకి వచ్చి చూసి అప్పుడు చెప్పండి," అంది.

ఆయన ఏప్రిల్ ఎండలో వచ్చారు. పెద్దమ్మ ఆయనకి కొబ్బరిబొండం ఇప్పించి, తాగాక ఒక కర్పూర అరటిగెల ఆయన భుజానికెత్తింది. "గట్టు దాకా తీసుకురండి, అక్కడ మాట్లాడుకుందాం." ఆయన నవ్వుతూనే బయల్దేరారు. సగం దూరంలో గెల దించి ఇసుకలో కూలబడ్డారు. పక్కనుంచి ముఠా ఆడవాళ్ళు గెలలతో నడిచి వెళ్ళిపోతున్నారు. వాళ్ళు గట్టు ఎక్కేదాకా ఆయన చూశారు.

పెద్దమ్మ పక్కన కూచుంది. "ఈ బండి సోల్జర్ల కోసం కట్టింది కదండీ. వాళ్ళు ఒక్క గెంతులో ఎక్కేస్తారు. మా వాళ్ళు చీరలు కట్టుకుని, నెత్తిన గెలతో ఆ ఎత్తు ఎలా ఎక్కుతారు? నాకు టిప్పరు వద్దండి. మెట్టు కావాలి."

మేస్త్రిగారు జేబులోంచి టేపు తీశారు. ముఠాలో అందరికన్నా పొట్టిగా ఉండే ఆవిడను పిలిచి, నేల నుంచి మోకాలి దాకా కొలిచారు. ఆవిడ సిగ్గుతో మెలికలు తిరిగిపోతుంటే మిగతావాళ్ళు ఒకటే నవ్వు. ఆ కొలతకే లారీ వెనక మెట్లు వచ్చాయి, పక్కన పట్టుకోవడానికి ఇనప కమ్మీ వచ్చింది. సైనికులు కూచునే బల్లలు తీసేశారు. గెలలు నలగకుండా చెక్కల మీద ఎండు అరటాకు దట్టంగా పరిచారు. పక్క తలుపులు సగానికి కోసి కిందికి వాలేలా బందులు వేశారు. పాయలో మోకాల్లోతు నీళ్ళున్నప్పుడూ దాటాలి కాబట్టి పొగగొట్టాన్ని క్యాబిను వెనకనుంచి పైకి లేపారు. తోటలో నీళ్ళు నిలిచిపోతే తోడటానికి ఇంజనుకే ఒక పంపు తగిలించారు. ఇదంతా అవడానికి ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. పెద్దమ్మ వారానికోసారి బస్సెక్కి షెడ్డుకి వచ్చేది. ఏ బోల్టు ఎందుకో అడిగి తెలుసుకునేది. తెలియకపోతే మళ్ళీ అడిగేది. "తెలీదనడానికి సిగ్గేంటండి? తెలుసనుకుని లాగితేనే కదా గేరు విరిగేది," అనేది.

మిలట్రీ రంగుతో రోడ్డెక్కకూడదని బ్రేకు ఇనస్పెక్టరుగారు చెప్పారు. ఏ రంగు వెయ్యమంటారని మేస్త్రిగారు అడిగితే పెద్దమ్మ ఆలోచించకుండా "పసుపు" అంది. "పొద్దుగూకే వేళ ఇసకలో దూరాన్నుంచి కనపడాలండి. మావాళ్ళు ఎక్కడున్నా బండెక్కడుందో తెలియాలి."

వానలు వెళ్ళి మళ్ళీ పాయ ఎండాక, బండి మొదటిసారి లంకలోకి దిగిన రోజు ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. పెద్దమ్మకి అప్పటికి లైసెన్సు రాలేదు. మేస్త్రిగారు తోలారు. సరిగ్గా ఇసుక మధ్యకు వెళ్ళాక చక్రాలు అక్కడికక్కడే తిరిగి, లారీ కూరుకుపోయింది. గట్టు మీద ఎవరో ఈల వేశారు. మేస్త్రిగారు ఇంజను గట్టిగా రేపుతున్నకొద్దీ ఇంకా దిగిపోతోంది. ఆయన మొహం నల్లబడింది.

పెద్దమ్మ క్యాబినులోంచి దిగింది. తలలోంచి ఒక పిన్ను తీసి, టైరు దగ్గర గొంతుక్కూచుని వాల్వులో గుచ్చింది. గాలి బుస్సుమని పోతోంది.

"ఏంటండీ, ఏం చేస్తున్నారు? టైర్లు పోతాయండి!" అని మేస్త్రిగారు కేకేశారు.

"పోవండి. ఇసకలో దిగినప్పుడు గాలి తగ్గిస్తే టైరు పరుచుకుంటదని ఆయన చెప్పేవారు. ఎక్కడో ఎడారిలో అలాగే తోలేవారంట."

ఒక్కో టైరు దగ్గరికీ వెళ్ళి అన్నిటికీ అలాగే చేసింది. తర్వాత మేస్త్రిగారు మెల్లగా ముందుకు కదిపారు. లారీ ఒకసారి ఊగి, పైకి లేచి, నడిచింది. మేస్త్రిగారు క్యాబినులోంచి తల బయటపెట్టి పెద్దమ్మకు దణ్ణం పెట్టారు. పెద్దమ్మ మాత్రం బండి వైపు చూడట్లేదు. పిన్ను చేతిలో పట్టుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఆ మాటలన్నీ వినలేదని ఆవిడే అనేది. చిక్కుళ్ళు వొలుస్తూ ప్రతి మాటా విన్నదన్నమాట.

ఆ మరుసటి వారమే మేస్త్రిగారు, చక్రాలకు మళ్ళీ గాలి పట్టడానికి ఇంజను నుంచే ఒక గొట్టం అమర్చారు. అందుకు ఏమీ తీసుకోలేదు.

లైసెన్సు వచ్చాక పెద్దమ్మే తోలేది. చెప్పుల్లేకుండా తోలేది. బయల్దేరేముందు దిగి, బండి కిందికి వంగి చూసేది, నీడకని కుక్క పడుకుందేమోనని. వెనకాల ఎవరైనా తొందరపెడితే "తొందరున్నవాళ్ళు నడిచెళ్ళండర్రా, నాకు తొందర్లేదు," అనేది. ఎవరి తోటలో గెలలున్నా తెచ్చిపెట్టేది. లంకలో ఏ ఆడమనిషీ ఆ తర్వాత నెత్తిన గెల పెట్టుకుని ఇసుక దాటలేదు. ఆవిడ చేసిన పనులన్నిటిలో నాకు ఇదే పెద్దదనిపిస్తుంది. ఆవిడకి మాత్రం ఇది చెప్పుకునే విషయమే కాదు.

ఇప్పుడు ఆ వరద రోజు గురించి రాయాలి.

ముందు బంపరు మీద పెద్దమ్మ ఒక ఎర్రగీత గీయించింది. నీళ్ళు ఆ గీత దాటితే బండి పాయలోకి దించేది లేదని ముఠా అందరికీ చెప్పింది. నాలుగేళ్ళ కిందట శ్రావణంలో వరద వచ్చింది. ప్రమాద హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున్నే పెద్దమ్మ లారీ తీసింది. లంకలో కాపురాలుండేవి పదిహేను కుటుంబాలు. పడవలు ఇంకా రాలేదు. మూడు విడతల్లో పిల్లల్నీ, ముసలివాళ్ళనీ, మూటల్నీ అందర్నీ గట్టు మీదికి చేర్చింది. స్కూలుకి సెలవిచ్చారు కాబట్టి నేను ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాను. మూడో విడత తిరిగొచ్చేసరికి బంపరు తడిసి ఉంది. తడి సరిగ్గా ఎర్రగీత దగ్గర ఆగింది.

ఆ విడతలోనే బండి దిగాడు పక్కతోట రైతు. వరసకి నాకు బాబాయి. ఆయన గేదెలు ఐదు ఇంకా లంకలో పాకలోనే ఉన్నాయి. పడవలో వస్తాయనుకుని ఆయన బండెక్కేశాడు. పడవ అవతలి లంకకు వెళ్ళిపోయిందని ఇక్కడికొచ్చాక తెలిసింది.

"వదినా, ఒక్కసారి. ఒక్క విడత. కట్లు విప్పేసి వచ్చేద్దాం," అన్నాడు. ఆయన తమ్ముళ్ళిద్దరూ అప్పుడే మెట్లెక్కి నిలబడ్డారు.

పెద్దమ్మ బంపరు చూసింది. పాయ చూసింది. ఇంజను ఆపి తాళం చెవి తీసి, బొడ్లో దోపుకుంది.

"వద్దయ్యా. గీత దాకా వచ్చేసింది."

"గీత ఎవరు గీశారు? నువ్వేగా! జానెడు నీళ్ళకి ఐదు ప్రాణాలు వదిలేమంటావా?"

"నేను దించను."

ఆయన బతిమాలాడు. కాళ్ళు పట్టుకోబోయాడు. తర్వాత తిట్టాడు. "కడుపున ఒక్కణ్ణీ కనలేదు. పెంచుకున్నదాని నొప్పి నీకేం తెలుసు?" అన్నాడు, అందరి ముందూ. నేను ముందుకు వెళ్ళబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. లారీ వెనక మెట్టు మీద కూచుంది. తిడుతున్నంతసేపూ తల దించుకుని వింది. తాళం చెవి దోపుకున్న చోట చెయ్యి అదిమిపెట్టుకునే ఉంది.

మధ్యాహ్నానికి పడవ వచ్చింది. మూడు గేదెలు పలుపులు తెంచుకుని మెరక మీదికి చేరి బతికాయి. రెండు పోయాయి.

వరద తీశాక పెద్దమ్మ రోజూ పొద్దున్నే పచ్చగడ్డి మోపొకటి ఆయన ఇంటి గేటు దగ్గర పెట్టి వచ్చేది. లంకలో మేత అంతా కుళ్ళిపోయింది మరి. ఆయన తలుపు తీసేవాడు కాదు. ఆవిడ పిలిచేదీ కాదు. నేను ఊరుకోలేక అడిగాను.

"నువ్వేం తప్పు చేశావని పెద్దమ్మా ఇదంతా?"

"తప్పు చెయ్యలేదే. అయినా గొడ్లు పోయినాయి కదా," అంది.

నెల గడిచాక ఒకరోజు గేటు తీసి ఉంది. ఆయన మోపు అందుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకునేవారు. వానల గురించి, ధరల గురించి, తెగుళ్ళ గురించి. ఆ రోజు గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పెద్దమ్మను దహనానికి తీసుకెళ్ళిన రోజు సాయంత్రం బాబాయి నా దగ్గరికొచ్చి అరుగు కింద నిలబడ్డాడు. కూచోమంటే కూచోలేదు.

"అమ్మాయ్, నీకొక మాట చెప్పాలి," అన్నాడు. "వరద తీసినాక నేను లంకకెళ్ళాను. మనం దాటే దారి మధ్యలో గొయ్యి పడింది. నిలువెత్తు గొయ్యి. ఏరు తొలిచేసింది. ఆ రోజు బండి దించుంటే మేం ముగ్గురం, మీ పెద్దమ్మ, బండీ అందులోనే..." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఆవిడకి చెప్దామని చాలాసార్లు అనుకున్నాను. నోరు రాలేదు. నాలుగేళ్ళు. ఇప్పుడేమో వినడానికి ఆవిడ లేదు."

ఆయన వెళ్ళిపోయాక, పక్కనే ఉన్న ముఠా పెద్దావిడ మెల్లగా అంది. "అమ్మగారికి తెలుసమ్మా. వరద తీసిన మర్నాడే చూశారు. చుట్టూ కర్రలు పాతి తాడు కట్టమన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆయన వింటే ఇంకా కుమిలిపోతాడన్నారు."

రోజూ గడ్డిమోపు పట్టుకెళ్ళి ఆ గేటు ముందు నిలబడిన మనిషికి, తనది తప్పు కాదని చూపించడానికి ఒక్క మాట చాలు. ఆ మాట దగ్గరుంచుకునే నెలరోజులు మౌనంగా వెళ్ళివచ్చింది. నేను ముప్పయ్యేళ్ళకు దగ్గరగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఒప్పు చేసిన మనిషి ఎలా మసలుకోవాలో మాత్రం ఏ పుస్తకంలోంచీ చెప్పలేకపోయాను. ఇకమీదట చెప్పగలనేమో తెలియదు. ప్రయత్నిస్తాను.

మూడోనాడు అస్థికలు గోదావరిలో కలపడానికి లంక చివరికి వెళ్ళాం. మరిది కొడుకు లారీ తోలాడు. ముఠా ఆడవాళ్ళందరూ వెనక ఎక్కారు. బాబాయి కూడా ఎక్కాడు. కార్యక్రమం అయ్యాక వాళ్ళంతా స్నానాలు చేస్తుంటే నేను కాస్త వెనక్కి నడిచాను. పొద్దు బాగా ఎక్కింది. మేం వచ్చిన దారిలో తడి ఇసుక మీద చక్రాల గాడి రెండు వరసలుగా పడి ఉంది. టైరు పళ్ళు దిగిన ప్రతి గుంటలోకీ నీళ్ళు ఊరి, దోసిలంత మడుగు నిలిచింది. ఎక్కడినుంచి వచ్చాయో ఏటి పిట్టలు, గుప్పెడంత ఉంటాయి, ఒక్కో మడుగు దగ్గర ఒక్కొక్కటి వాలి ముక్కు ముంచి నీళ్ళు తాగుతున్నాయి. వాటిని బెదరగొట్టకూడదని నేను అక్కడే ఆగిపోయాను.